గింజలిస్తే తిట్టాలట!

అంబు పండగ ఇంకో వారం ఉందనగా చర్చి కమిటీ మగాళ్ళు నిచ్చెనా కొడవలీ పట్టుకుని మా సందులో దిగారు. సెబాస్త్యన్ పుణ్యాత్ముడి బాణాన్ని బ్యాండుమేళంతో ఇంటింటికీ మోసుకొచ్చే దారంతా రంగు బల్బుల తోరణాలు కట్టాలి. రోసిలి ఇంటి దగ్గరికొచ్చేసరికి వాళ్ళకి తోరణం కట్టాల్సిన స్తంభమే కనపడలేదు. దాన్ని కింద నుంచి పై దాకా రోసిలి వేసిన నాలుగు రెక్కల చిక్కుడు తీగ కమ్మేసింది. కాయలు జడకుచ్చుల్లా గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి.

"ఇది కొట్టెయ్యాలి," అన్నాడు కమిటీ పెద్ద వరీత్.

రోసిలి సగం కుట్టిన నైటీ చేత్తో పట్టుకునే బయటికొచ్చింది. అరవలేదు. ఆ మనిషితో వచ్చిన చిక్కే అది. అరిచేవాళ్ళయితే ఎంత గట్టివాళ్ళనైనా నోరు మూయించొచ్చు.

"కొట్టు వరీతన్నా, వద్దన్నదెవరు? పోయిన ఆదివారం తిన్న కాయలు మాత్రం ముందు కక్కి ఇక్కడ పెట్టు."

"ఏ కాయలు?"

"మీ ఆవిడ కొబ్బరి ముక్కలేసి వేపిందే, అవి. గిన్నె కూడా నాదే, ఇంకా తిరిగి రాలేదు. ఆ నిచ్చెన మీద పెద్దమనిషి మొన్న సంచీతో పట్టుకెళ్ళాడు. అందరూ తిన్నవి అందరూ తెచ్చి పెట్టండి. అప్పుడెత్తండి కొడవలి."

నిచ్చెన మీదవాడికి నవ్వొచ్చి నిచ్చెన ఊగింది. వరీత్ మొహం ముడుచుకున్నాడు. "పుణ్యాత్ముడి దారికి తీగ అడ్డం పెడతావా? ఆయనకి కోపం రాదూ?"

"ఆయన్ని చెట్టుకి కట్టేసేగా అన్నా బాణాలేసింది? ఆయనకి చెట్టూ తీగా కొత్తా? ఈ బల్బులే కొత్త."

అంతే. కొడవలి గోడకి ఆనించి, బల్బుల దండ తీగకే చుట్టి వెళ్ళిపోయారు. పండగనాడు బాణం వెంట వచ్చిన జనం దానికి దండం పెట్టి, ఆ వెంటనే తలెత్తి తీగని చూశారు. నేను మా అరుగు మీద కూర్చుని మొదటినుంచీ చివరిదాకా చూశాను. తగువులాడ్డంలో ఈ కొడకర ఊళ్ళో నా తరవాతే ఎవరైనా. అలాంటి నేను కూడా ఆ రోజు, గొంతు పెంచకుండా కూడా నెగ్గొచ్చు కాబోలు అనుకున్నాను.

రోసిలిది అంగమాలి అవతల కొండపల్లె. పెళ్ళై వచ్చినప్పుడు ఆమె పెట్టెలో బట్టల మూటలకంటే గింజల మూటలే ఎక్కువున్నాయని మా సందంతా చెప్పుకుంది. మొగుడు పౌలి పండగల బ్యాండులో క్లారినెట్ ఊదుతాడు. పండగల రోజుల్లో బుగ్గలు వాచి ఉంటాడు, మిగతా రోజుల్లో ఖాళీగా ఉంటాడు. రోసిలి నైటీలు కుట్టి ఇల్లు నడిపింది, కూతురికి పెళ్ళి చేసింది. మిషను మీద నుంచి లేస్తే పెరట్లో ఉండేది. ఆమె పెరట్లో ఏ కర్ర పాతినా దాని మీదికి ఏదో ఒక తీగ పాకేది.

గింజల విషయంలో ఆమెకి ఒక పట్టింపుండేది. అత్తగారి దగ్గర నేర్చుకున్నది. గింజలిచ్చినవాళ్ళకి థాంక్స్ చెప్పకూడదు. "చెబితే లెక్క తీరిపోయినట్టేనే పిల్లా," అనేదట ఆ ముసలావిడ. "లెక్క తీరిపోయాక అది మొలవడం దేనికి? నోరు మూసుకుని తీసుకెళ్ళు. మొలిచాక వచ్చి మొలిచిందని చెప్పు." మా ఇళ్ళల్లో అందరం ఇదే చేసేవాళ్ళం. గింజలు కొంగున కట్టుకుని, మొహం మాడ్చుకుని, అప్పులవాళ్ళలా వెళ్ళిపోయేవాళ్ళం.

కూతురు కొత్త ఫోన్ కొనుక్కుని పాతది తల్లికిచ్చింది. రోసిలి అందులో తన చిక్కుడు తీగ ఫోటో పెట్టి, తెల్ల పువ్వు పూసే రకం ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగింది. ఉందని పట్టాంబి నుంచి భార్గవన్ అనే ఆయన జవాబిచ్చాడు. బడిపంతులు పని చేసి దిగిపోయిన మనిషి, అందరూ మాష్ అంటారు. అలా ఒకరికొకరు తగిలి, తమలాంటి గింజల పిచ్చివాళ్ళని పోగేసి, ఫోన్లోనే ఒక గుంపు కట్టారు. దాని పేరు 'మొలిచింది'. తలుపు తాళం రోసిలి దగ్గర. ఎవరిని రానివ్వాలన్నా, ఎవరిని పంపాలన్నా ఆమే.

ఆ గుంపు పద్ధతులు మాష్ రాసి పైన అతికించాడు. గింజలు కావలసినవాళ్ళు సొంత చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు ముందు పంపాలి. గింజలు అందాయని థాంక్స్ చెప్పకూడదు. మొలకొచ్చాక ఫోటో పెట్టి, కింద 'మొలిచింది' అని ఒక్క మాట రాయాలి. కాపుకొచ్చాక ఇంకో రెండిళ్ళకి గింజలివ్వాలి. రోజంతా కలిపి గుప్పెడు మాటలు నడిచేవి. రోసిలి మిషను తొక్కుతూ ఓ కంటితో చూసుకునేది. ఎవరి పెరట్లో ఏముందో, ఎవరి కోడలు ఏ మొక్క పీకేసిందో ఆమెకి నోటికొచ్చు. గుంపులోని చేలక్కర ముసలావిడ పోయినప్పుడు, ఆమె దగ్గరున్న బూడిదరంగు పొట్లకాయ కూడా ఆమెతోనే పోయిందని రోసిలి ఆ పూట అన్నం తినలేదు. వాళ్ళ చుట్టం ఎవరో పోయారనుకుని నేను పలకరించడానికి కూడా వెళ్ళాను.

తరవాత ఆ మాయరోగం వచ్చింది. ఊళ్ళన్నీ తలుపులేసుకున్నాయి. పండగల్లేవు. పౌలి పెరట్లో కూర్చుని బెండ మొక్కలకి క్లారినెట్ వినిపించేవాడు. ఇళ్ళల్లో ఇరుక్కుపోయిన జనానికి ఒక్కసారిగా కూరగాయలు పండించాలని బుద్ధి పుట్టింది. రోజూ పొద్దున రోసిలి ఫోన్ తెరిస్తే తలుపు బయట జనం. కల్యాణమండపంలో భోజనాల గంట కొట్టినట్టు తోసుకుంటున్నారు. ఆమెకి ఎవరినీ కాదనడం రాదు. రమ్మంది, రమ్మంది, ఇంకా రమ్మంది. చూస్తుండగానే గుంపు కాస్తా తిరునాళ్ళయింది.

వచ్చినవాళ్ళు చెప్పుల్తోనే నట్టింట్లోకి నడిచారు. ప్రతి ఫోటో కింద "రేటెంత?" పొద్దున్నే గులాబీలేసిన గుడ్ మార్నింగులు. "నాకూ పది గింజలు పంపండి, అర్జెంటు." గింజలకి అర్జెంటేమిటో! ఒకాయన తన మేడ మీద కాసిందని ఎవరిదో సీమ ఆపిల్ తోట ఫోటో పెట్టాడు. పాతవాళ్ళు పెట్టిన మొలక ఫోటో ఈ వరదలో మునిగిపోయి ఎక్కడుందో దొరికేది కాదు.

"వీళ్ళకి పద్ధతులు చదివే ఓపిక లేదు," అన్నాడు మాష్ ఫోన్లో.

"కొత్తవాళ్ళు కదా మాష్, నేర్చుకుంటారు," అంది రోసిలి.

"నువ్వు నేర్పు. నా ఎర్ర బొబ్బర మాత్రం వీళ్ళెవరికీ ఇవ్వకు. నీటి పాలు చేస్తారు."

ఎర్ర బొబ్బర అంటే మాష్‌కి ప్రాణం. వాళ్ళ అమ్మ నాటి రకం. మూర పొడుగున కాసి కొసన కుంకుమ అద్దినట్టుంటుంది. ఇంకెక్కడా లేదని ఆయన నమ్మకం. అది రోసిలి దగ్గరా ఉంది. మాష్ మాటకి ఆమె సరే అనలేదు, కాదనలేదు. సరిగ్గా ఆ వారంలోనే కొచ్చి నుంచి షెరిన్ అనే పిల్ల కవరు వచ్చింది. పన్నెండో అంతస్తులో కాపురం, మన్ను చూడాలంటే లిఫ్టు దిగాలి. కవరు మీద స్టాంపు వంకరగానైనా అంటించి పంపింది. ఈ ఒక్కతైనా పద్ధతులు చదివిందని రోసిలికి ముచ్చటేసి, ఆ కవర్లో ఎర్ర బొబ్బర గింజలే పెట్టింది.

షెరిన్ చదివింది మొదటి పద్ధతి ఒక్కటే. గింజలు అందగానే గుంపు మధ్యలో నిలబడి "థాంక్యూ థాంక్యూ రోసిలి చేచీ!" అని అక్కకి దండాలు, పూలు, గెంతే బొమ్మ.

మాష్ వెంటనే రాశాడు. "ఇక్కడ థాంక్స్ చెప్పరాదు. చెప్పిన గింజ మొలవదు."

"అయ్యో! చెప్పేశానే! వెనక్కి తీసుకోవచ్చా మాష్?"

"అన్న మాట అన్నదే."

పాపం ఆ పిల్ల బెంగపెట్టేసుకుంది. బకెట్లో మన్నేసి, గింజలు నాటి, దాని ముందు కూర్చుని ఏడుపు మొహంతో ఫోటో పెట్టింది. అప్పుడు కొల్లం నుంచి ఒక టాక్సీ డ్రైవరు, ఆయనా కొత్తే, విరుగుడు చెప్పాడు. "బాధపడకు చెల్లెమ్మా. పసిపిల్లని ముద్దొస్తోందని పొగిడేశాక మా అమ్మ ఏం చేస్తుందో తెలుసా? థూ, కోతి మొహం అంటుంది. దిష్టి పోతుంది. నువ్వూ ఇచ్చినావిణ్ణి తిట్టెయ్. లెక్క మళ్ళీ మొదటికొస్తుంది."

షెరిన్ కాసేపు ఆలోచించుకుని రాసింది: "పిసినారి రోసిలి చేచీ! ఇవేం గింజలు? మా కిటికీ మీద వాలే పావురం ఇంతకంటే ఎక్కువ పారేస్తుంది!"

రోసిలి ఎంత నవ్విందంటే, మిషను ఆగకుండా తిరిగి నైటీ చెయ్యీ నడుమూ కలిపి కుట్టేసింది. నవ్వుతూనే వచ్చి నాకు చదివి వినిపించింది. నాలుగు రోజులు తిరక్కుండా షెరిన్ బకెట్లో గింజలన్నీ తలలెత్తాయి. ఒక్కటీ పోలేదు.

ఇక చూసుకోండి. తిడితే మొలుస్తుందన్న కబురు తిరునాళ్ళంతా పాకింది. గింజలందుకున్న ప్రతివాడూ ఇచ్చినవాళ్ళని తిట్టడమే. "ఏమ్మా, ఈ కాకర గింజలు మీ ఆయన పళ్ళా?" "అన్నా, నీ గుమ్మడి గింజలూ నీ మీసమూ ఒకేలా ఉన్నాయి, రెండూ పలచనే." ఇచ్చినవాళ్ళు ఏమీ అనుకోవడం మానేసి, మంచి తిట్టు పడకపోతే చిన్నబుచ్చుకునేదాకా వచ్చింది. ఎక్కడా లేని ఆచారం. పాతవాళ్ళు మొహం మాడ్చుకు వెళ్ళేవాళ్ళు, వీళ్ళు నోరు తెరుచుకు తిట్టారు. థాంక్స్ అన్న మాట మాత్రం నిజంగానే మాయమైపోయింది.

మాష్ బెండ గింజలు పంచినప్పుడు ఎవడో రాశాడు. "ఏం మాష్, బడిలో మార్కులేసినట్టే వేశారే గింజలు కూడా?"

ఆయన రోసిలికి ఫోన్ చేశాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"రోసిలీ, ఇది మనం కట్టిన ఇల్లు కాదు. పాతవాళ్ళందరం మాట్లాడుకున్నాం. ఓణం లోపల కొత్తవాళ్ళని బయటికి పంపి తలుపేసెయ్. లేదా మేమే వెళ్ళి వేరే కట్టుకుంటాం. నువ్వూ రా. రాకపోతే నీ ఇష్టం."

ఆమె ఫోన్ పెట్టేసి అలాగే కూర్చుంది. పాతవాళ్ళు వెళ్ళిపోతే వాళ్ళ పెరళ్ళలోని రకాలన్నీ వాళ్ళతోనే వెళ్ళిపోతాయి. కొత్తవాళ్ళని గెంటేస్తే? రేపు ఆ పాతవాళ్ళు ఒక్కొక్కరే కన్ను మూస్తారు, చేలక్కర ముసలావిడలాగే. ఎటు చూసినా పోయేది ఆ గింజే. నిద్రలో కూడా ఆమె తాళంచెవి పట్టుకు తిరుగుతోందని పౌలి నాతో అన్నాడు.

"తలుపేసెయ్యవే," అన్నాను నేను. "దారిన పోయేవాళ్ళందరికీ అరుగు వేస్తే ఇంట్లోవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?"

"చేడత్తీ," అంది రోసిలి. మా వైపు పెద్దావిణ్ణి అలా పిలుస్తారు. "మీరు కొత్తగా ఈ సందుకి కాపురానికొచ్చినప్పుడు మిమ్మల్ని ఎవరు పలకరించారు?"

"ఎవరూ లేదు. నేనే పక్కింటిదానితో తగువు పెట్టుకుని పరిచయం చేసుకున్నాను."

"వీళ్ళూ అదే చేస్తున్నారు," అంది రోసిలి. నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం ఓణం దగ్గరికొస్తున్నా తలుపు వెయ్యలేదు, వెయ్యనని చెప్పనూ లేదు.

పట్టాంబిలో ఓణానికి మాష్ కోడలు ఇంటికి రంగులు వేయించింది. మాష్ తన ఎర్ర బొబ్బరని ఎండిన కాయలతోనే మూట కట్టి, వంటింట్లో పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీసేవాడు. పురుగు పట్టకుండా వాళ్ళమ్మ చేసినట్టే. ఏళ్ళ తరబడి పొగచూరి అది నల్లటి గబ్బిలంలా ఉండేదట. రంగులేసే మనిషి దాన్ని చూసి బూజు అనుకుని కర్రతో కొట్టి, చెత్తలో కలిపి తగలబెట్టేశాడు. వచ్చి చూసుకునేసరికి గోడ తెల్లగా మెరిసిపోతోంది, మూట లేదు. పెరట్లో తీగలు కర్కిటకం నెల వానలకి అప్పటికే కుళ్ళిపోయాయి.

ఆయన ముందు పాతవాళ్ళనే ఒక్కొక్కరిగా అడిగాడు. వాళ్ళలో కొందరు ఆ యేడు వెయ్యలేదు, కొందరికి వాన తినేసింది, ఒకావిడ మొత్తం కూర వండేసింది. రోసిలి దగ్గర మిగిలిన గుప్పెడూ కూడా ముక్కిపోయి ఉంది. అది చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. "గుంపులో అడగండి మాష్," అంది చివరికి.

"అక్కడా? వాళ్ళనా?"

"వాళ్ళనే."

"నువ్వు వాళ్ళకి ఇచ్చావా?" అన్నాడు మాష్. "ఇచ్చాను," అంది రోసిలి. ఆయన ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున మాష్ రెండు ముక్కలు రాశాడు. ఎర్ర బొబ్బర ఎవరి దగ్గరైనా ఉందా, నా దగ్గర పోయింది, అని. రోసిలి కత్తెర పక్కన పెట్టేసి ఫోన్ చూస్తూ కూర్చుంది. మొదట షెరిన్ బకెట్ ఫోటో వచ్చింది. పన్నెండో అంతస్తు కమ్మీలకి అల్లుకుని కొసన కుంకుమద్దిన కాయలు. కింద, షెరిన్ గింజలిచ్చిన టాక్సీ డ్రైవరు ఫోటో. ఆయన ఇచ్చినవాళ్ళవి. కాసర్‌గోడ్‌లో ఎవరిదో గోడ మీద. ఆళప్పుళలో పడవ కప్పు మీద. రోజంతా వస్తూనే ఉన్నాయి. మాష్ తెల్లబోయాడు. తన తల్లి తీగ తను ఎన్నడూ చూడని ఊళ్ళలో పాకుతోంది.

చివర షెరిన్ రాసింది. "గింజలు రెడీ మాష్. కానీ మీరు పద్ధతులు చదువుకోలేదా? సొంత చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు ముందు పంపాలి. మాదంతా నియమం ప్రకారం."

ఆ రోజు తిరునాళ్ళు విరగబడి నవ్వింది. మాష్ కవరు పంపాడు. స్టాంపు నిటారుగా అంటించాడట. గింజలొచ్చాక రోసిలికి ఫోన్ చేశాడు.

"అందాయి. ఇప్పుడేం రాయాలి?"

"థాంక్స్ వద్దని మీరేగా రాశారు?"

"అందుకే అడుగుతున్నా."

"తిట్టండి మాష్."

"నాకు చేతకాదు రోసిలీ."

"చేతకాదా? బడిలో అన్నేళ్ళూ మరేం చేశారు?"

ఒక పూటంతా కూర్చుని రాశాడు. "షెరిన్, నీ చేతిరాత కోడి గెలికినట్టున్నది. గింజల్లో రెండు నొక్కులు పోయినవి. శ్రద్ధ లేదు." వెంటనే టాక్సీ డ్రైవరు, "ఇది తిట్టా మాష్, జ్వరం మూలుగా?" అన్నాడు. ఆ తరవాత వారంలో మాష్ ఫోటో పెట్టాడు. కింద ఒకే మాట, 'మొలిచింది'. తలుపెయ్యమన్న సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు, ఈమె గుర్తు చెయ్యలేదు. పాతవాళ్ళలో కొందరు వెళ్ళనే వెళ్ళారు. అప్పుడప్పుడు మిషను ఆపి, ఆ పాత గుప్పెడు మాటల రోజులు బాగుండేవి చేడత్తీ, అంటుంది రోసిలి. అని మళ్ళీ ఫోన్ తీస్తుంది.

ఈ మధ్య ఇంకో దండు వచ్చిపడింది. గింజ అడగరు, ఇవ్వరు. తిట్టుకునే చోటట అని విని, సరదాకి వచ్చి నోటికొచ్చింది కూస్తారు. అమ్మనీ అక్కనీ లాగుతారు. వాళ్ళ మీద ఫిర్యాదు చేసింది ఎవరనుకున్నారు? షెరినే. "చేచీ, ఇప్పుడొచ్చేవాళ్ళకి కనీసం తిట్టడం కూడా రావట్లేదు! మా రోజుల్లో ఇలా ఉండేదా?"

నిన్న పొద్దున రోసిలి మా అరుగు మీదికొచ్చింది. నేను ఆవిరి మీద ఉడికిన పుట్టు తింటున్నాను. ఎదురుగా కూర్చుని, నా కాఫీ గ్లాసుకి ఫోన్ ఆనించి నిలబెట్టింది.

"మాష్ రాసినవి ఎవరూ చదవట్లేదు చేడత్తీ. నేను మెత్తగా చెబితే ఎవరికీ ఎక్కట్లేదు."

"అయితే నన్నేం చెయ్యమంటావు? రెండో తరగతిలో పంతులమ్మతో పోట్లాడి బడి మానేసినదాన్ని. నాకు రాయడం అంతంత మాత్రం."

"రాయొద్దు, మాట్లాడండి. తలుపు తోసుకొచ్చే ప్రతి కొత్త మొహమూ ముందు మీ గొంతు వినాలి, అలా పెట్టేస్తాను. కవరు సంగతి చెప్పండి. రెండిళ్ళకి ఇమ్మని చెప్పండి. థాంక్స్ ఎందుకు వద్దో చెప్పండి. గింజ తీసుకోనివాడికి తిట్టే హక్కు లేదని చెప్పండి. ఎలా తిట్టాలో మీరే ఒకసారి తిట్టి చూపించండి. రమ్మంటున్నట్టే ఉండాలి, చెవి మెలిపెట్టినట్టూ ఉండాలి. ఒక్కడు కూడా వెనక్కి పోకూడదు చేడత్తీ. ఊఁ, మొదలుపెట్టండి."